ఊరి లెక్క ఊరివాళ్ల ముందు: పలాస, ఉద్దానం, మందస కొండల్లో తిరిగిన రోజులు

శనివారం, ఆమదాలవలస నుంచి పలాస

పోయిన సెప్టెంబరు ఆఖరులో మా జిల్లా పిల్లలం కొంతమంది కలిసి పలాస చుట్టుపక్కల ఊళ్లలో ఇంటింటి సర్వేకి వెళ్లాం. డిగ్రీ చదివేవాళ్లు, నర్సింగ్ వాళ్లు, పాలిటెక్నిక్ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్నవాళ్లు అందరూ ఉన్నారు. ఎవరికీ జీతం లేదు, దారి ఖర్చులు తలా కొంత వేసుకున్నాం. ఏటా అక్టోబరు 2 నుంచి గ్రామసభలు పెట్టి వచ్చే ఏడాదికి పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలి, 2018 నుంచి ఇది దేశమంతా జరుగుతోంది. అయితే మేం చూసిన కొన్ని పాత ప్రణాళికల్లో సీసీ రోడ్డు, డ్రైనేజీ, మంచినీళ్లు అని మూడు ముక్కలు తప్ప ఏ వీధికి, ఎన్ని ఇళ్లకి, ఎందుకు అన్నది ఎక్కడా లేదు. ఆ మూడు ముక్కల వెనక ఊరి లెక్క ఉంటే సభలో అడిగేవాళ్లకి బలం వస్తుంది కదా అని బయల్దేరాం.

శ్రీకాకుళం ఊళ్లో రైలు స్టేషన్ లేదు, ఆమదాలవలస వెళ్లే ఎక్కాలి. పొద్దున్న ప్యాసింజర్‌లో ఉర్లాం, తిలారు, కోటబొమ్మాళి దాటి నౌపడ దగ్గరికి వచ్చేసరికి ఉప్పు మడులన్నీ వాననీళ్లతో నిండి ఉన్నాయి. పూండి తర్వాత పలాస. కాశీబుగ్గ బస్టాండుకి దగ్గర్లో ఒక కమ్యూనిటీ హాలు మాకు బస.

మధ్యాహ్నం నుంచి ట్రైనింగ్. మండల గణాంక అధికారిగా చేసి రిటైరైన మాస్టారు ఒకాయన వచ్చి కూర్చోబెట్టి చెప్పారు. ఆధార్ నంబరు అడగొద్దు, పింఛను గురించి గాని ఇల్లు గురించి గాని మాట ఇవ్వొద్దు, రాసుకున్నది ఆ ఊళ్లోనే చదివి వినిపించకుండా బస్సెక్కొద్దు. మూడోదాని మీద చాలాసేపు మాట్లాడారు. మన దగ్గర ఆఖరి జనాభా లెక్కలు 2011వి, 2021లో జరగాల్సినవి వాయిదా పడ్డాయి, ఇప్పుడు 2027కి నోటిఫికేషన్ ఇచ్చారు, అంటే ఇన్నేళ్లూ ఊళ్ల ప్లానులన్నీ పాత అంకెల మీదే నడుస్తున్నాయి, అలాంటప్పుడు ఊరివాళ్ల నోట విన్నది ఊరివాళ్ల చేతే సరిచూపించుకోకపోతే మీరు తెచ్చేది కూడా ఇంకో పాత కాగితమే అవుతుంది అన్నారు ఆయన.

ఫారాలు కాగితం మీద కాదు, ఫోన్లో ఓడీకే అనే యాప్‌లో. సిగ్నల్ లేకపోయినా నింపుకోవచ్చు, సిగ్నల్ దొరికాక పంపుకోవచ్చు. రాత్రి ఒకరినొకరం ఇంటివాళ్లలా కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగి చూసుకున్నాం. టెక్కలి అబ్బాయి తాతలా కూర్చుని సగం ప్రశ్నలకి "నాకేటి తెలుసు బాబూ, కోడల్ని అడుగు" అనే చెప్పాడు, తర్వాత ఊళ్లలో మాకు అచ్చం అదే జవాబు చాలా ఇళ్లలో వచ్చింది.

ఆదివారం, వజ్రపుకొత్తూరు తీరం

కాశీబుగ్గ నుంచి ఆటోలో తీరం దాకా వెళ్లాం. ఊరి పేరు రాయడం లేదు, అక్కడ వాళ్లతో మాట్లాడుకున్న షరతు అది.

శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. పెద్ద బోట్లు నిలుపుకోవడానికి సరైన హార్బరు మాత్రం లేకపోయింది, అందుకే ఇక్కడి మత్స్యకారులు తరాలుగా గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద కూలికి చేస్తారు. 2018 నవంబరులో డి.మత్స్యలేశం, ఇంకా విజయనగరం వైపు ఊళ్లవాళ్లు అలా వెళ్లే పాకిస్తాన్ జలాల్లో పట్టుబడి కరాచీ జైల్లో ఉండిపోయారు, 2020 జనవరిలో గాని వాఘా దాటి రాలేదు. ఆ సంగతి జిల్లాలో తెలియనివాళ్లు లేరు. అయినా ఆగస్టు వస్తే మళ్లీ రైలెక్కక తప్పదు.

మేం వెళ్లేసరికి ఇసక వీధుల్లో ఎక్కడ చూసినా ఆడవాళ్లు, పిల్లలు, అరుగుల మీద వలలు బాగుచేసుకుంటున్న ముసలివాళ్లు. తెప్పల మీద వెళ్లే కొద్దిమంది మగవాళ్లు తెల్లారగట్లే వేటకి వెళ్లి వచ్చి పడుకున్నారు. మొదటి ఇంట్లోనే "ఈ ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా" అన్న ప్రశ్న దగ్గర బండి ఆగిపోయింది.

"ఇప్పుడా? ఇప్పుడైతే ముగ్గురుమి."

"మామూలుగా?"

"మామూలుగా అంటే ఏటి తల్లీ? ఎండాకాలంలో అయిదుగురుమి. ఆయన, పెద్దోడు వేరావల్‌లో ఉన్నారు."

పక్కింట్లోనూ అదే, ఆ పక్కింట్లోనూ అదే. 2011 లెక్కల్లో మా జిల్లాలో వెయ్యిమంది మగవాళ్లకి 1,015 మంది ఆడవాళ్లు ఉన్నారని చిన్నప్పుడు జీకే పుస్తకంలో బట్టీపట్టాను. కారణాలు చాలా ఉండొచ్చు, కానీ ఆ వీధిలో నిలబడితే వలస సంగతి కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. రాబోయే జనగణనలో మనుషుల్ని లెక్కపెట్టేది ఫిబ్రవరిలో, అప్పుడు ఈ ఊరి మగవాళ్లు సగానికి సగం అరేబియా సముద్రంలో ఉంటారు.

దాంతో ఇంటింటి ఫారం కాసేపు పక్కన పెట్టి తుఫాను షెల్టర్ వెనక, గోడ నీడలో ఆడవాళ్లని కూర్చోమన్నాం. తడి ఇసకలో పుల్లతో పన్నెండు గళ్లు గీశాం, నెలకొకటి. పిల్లలు గుప్పెళ్లతో గవ్వలు తెచ్చారు. ఇంట్లో మగవాళ్లుండే నెలల్లో గవ్వలు పెట్టమంటే ఏప్రిల్, మే, జూన్ గళ్లు నిండిపోయాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, వేరావల్ నుంచి వచ్చినవాళ్లు కూడా ఆ ఎండల్లోనే ఇంటిపట్టున ఉంటారు, గ్రామదేవత పండగ, పెళ్లిళ్లు అన్నీ అప్పుడే. తర్వాత అప్పు తెచ్చుకునే నెలల్లో ఎండుచేప ముక్కలు పెట్టమన్నాం. జూన్, జూలై గళ్లలో కుప్ప పడ్డాయి. పండగ ఖర్చు, పిల్లల పుస్తకాలు, మగవాళ్ల ప్రయాణం, అన్నీ ఒకేసారి మీద పడతాయి, వేరావల్ అడ్వాన్సు వచ్చేదాకా వడ్డీకి తేవాల్సిందే.

అందరూ లేచాక ఒకావిడ అక్కడే ఉండిపోయి ఆగస్టు గడిలో ఒక చిన్న గవ్వ వేరుగా పెట్టింది. ఏమిటని అడిగితే తొమ్మిదో తరగతి చదివే కొడుకు ఆ నెలలోనే బడి మానేసి మేనమామతో బోటు మీద వంట పనికి వెళ్లిపోయాడని చెప్పింది. అది చూసి ఇంకో ఇద్దరు వెనక్కి వచ్చి తలా ఒక గవ్వ పెట్టారు. మా ఫారంలో బడి గురించి ఉన్నది "బడికి వెళ్తున్నారా, లేదా" అని ఒక్కటే, ఏ నెలలో మానేశారన్న ప్రశ్న లేదు. ఆ సాయంత్రమే చేర్చాం. పిల్లలు బడి మానేది ఆగస్టులో అని తెలిస్తే జూలైలోనే హైస్కూలు టీచర్లు ఇళ్లకి వెళ్లి మాట్లాడొచ్చు, ఏడాది చివర డ్రాపౌట్ల లిస్టు రాసుకోవడం కంటే అది ఎంత మేలో చెప్పక్కర్లేదు.

సోమవారం, ఉద్దానం ఊరు

కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఊరు. బయటివాళ్లకి ఉద్దానం అంటే పచ్చదనం, లేకపోతే కిడ్నీ జబ్బు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను ఇక్కడే వజ్రపుకొత్తూరు మండలంలో తీరం దాటింది, నిలబడ్డ కొబ్బరిచెట్టు లేకుండా పోయిన తోటలు ఎన్నో. అప్పుడు నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి.

రామమందిరం దగ్గర దిగగానే ఒక పెద్దాయన మమ్మల్ని ఆపేశారు. కోపంగా కాదు, అలిసిపోయిన గొంతుతో. "రక్తం పట్టుకెళ్లారు, నీళ్లు పట్టుకెళ్లారు, మట్టి పట్టుకెళ్లారు, ఏటి తేలిందో ఎవులూ తిరిగొచ్చి సెప్పలేదు. మీరేటి పట్టుకెళ్తారు బాబూ?"

ఆ మాట నాకు చాలా గట్టిగా తగిలింది. ఉద్దానంలో ఏళ్ల తరబడి ఎన్నో బృందాలు పరిశోధనలు చేశాయి, జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ ఒక్క కారణం అని తేలలేదు, నీళ్లని కొందరు, ఎండలో పని చేస్తూ చాలినన్ని నీళ్లు తాగకపోవడం అని కొందరు అంటారు. తేలకపోవడం ఎవరి తప్పూ కాదు. కానీ తేలలేదన్న మాటైనా వచ్చి చెప్పాలి కదా. మా మాస్టారు అంత గట్టిగా ఎందుకు చెప్పారో అప్పుడు అర్థమైంది. శుక్రవారం సాయంత్రం ఇక్కడికే వచ్చి అంతా చదువుతాం, తప్పులుంటే మీరే దిద్దండి, కాగితం ఒకటి మీ దగ్గరే ఉంటుంది అని చెప్పాం. ఆయన సరే అనలేదు, కాదనలేదు, పక్కకి జరిగి దారిచ్చారు.

ఇంకో చిక్కు, మేం వాలంటీర్లమని చెబితే చాలామంది పాత గ్రామ వాలంటీర్లే మళ్లీ వచ్చారనుకుని పింఛను గురించి, రేషన్ కార్డు గురించి అడిగారు. మధ్యాహ్నం నుంచి "కాలేజీ పిల్లలం, గ్రామసభ కోసం లెక్క రాస్తున్నాం" అని చెప్పడం మొదలుపెట్టాక సులువైంది.

ఊరి పటం వేయడం ఆ రోజుకి అసలు పని. రామమందిరం ముందు కళ్లాపి చల్లి ఆరిన నేల మీద డ్వాక్రా సంఘం ఆడవాళ్లు ముగ్గుపిండితో వీధులు గీశారు. ఇళ్లకి ఇటుక ముక్కలు, కుళాయిలకి నీలం రంగు, బోరింగులకి పసుపు, పాడైపోయిన బోరింగులకి పసుపు మీద ఒక బొగ్గుముక్క. చెట్లకి జీడాకులు, కొబ్బరి ఈనెలు. మేం చేతులు కట్టుకుని నిలబడాలి, పుల్ల వాళ్ల చేతిలోనే ఉండాలి, ఇది రూలు. పాలిటెక్నిక్ అబ్బాయి ఆగలేక ఒక మూల వంకర సరిచేయబోతే "నీకేటి తెలుసు నాయనా, అక్కడ వీధి వంకరే" అని ఒకావిడ వాడి చేయి తీసేసింది.

పెద్ద వీధి, గుడి, బడి, ట్యాంకు గబగబా వచ్చేశాయి. తర్వాత మురుగు ఎటు పోతుందన్న దగ్గర రెండు వీధుల ఆడవాళ్లకి మాటామాటా పెరిగింది. మీ వైపు నుంచే మా గుమ్మంలోకి వస్తోందని వీళ్లు, మా కాలవ చెరువులోకే పోతోందని వాళ్లు. చివరికి అందరం లేచి కాలవ వెంబడి నడుచుకుంటూ వెళ్లాం. కాలవ చెరువు దాకా పోవడం లేదు. కొబ్బరి పీచు కుప్ప దగ్గర పూడిపోయి పక్కకి తిరిగి కాలనీ బోరింగు చుట్టూ నిలుస్తోంది. అప్పటిదాకా పటం మీద ఆ కాలనీయే లేదు! వెనక్కి వచ్చాక కాలనీ నుంచి వచ్చిన ఒక అమ్మాయి, ఇంటర్ చదువుతోందట, మాట్లాడకుండా వంగి ముగ్గు గీతకి అవతల ఇటుక ముక్కలు ఒక్కొక్కటే పేర్చడం మొదలుపెట్టింది. పక్కనున్న పెద్దావిడ చూసి ముగ్గు డబ్బా తీసుకుని గీతని కాలనీ చుట్టూ తిప్పి కలిపింది.

సాయంత్రం నీళ్ల పరీక్ష. మా నర్సింగ్ అప్ప (అక్కని మా వైపు అలాగే అంటాం) చిన్న చిన్న సీసాలు తెచ్చింది, హెచ్‌టూఎస్ సీసాలంటారు. గీత దాకా నీళ్లు పట్టి మూత బిగించి నీడలో ఒకటి రెండు రోజులు ఉంచితే, మలంతో కలుషితమైన నీళ్లయితే నల్లగా మారతాయి. ట్యాంకు కుళాయి, వీధి చివరి కుళాయి, కాలనీ బోరింగు, నీళ్లు శుద్ధిచేసే ఆర్‌వో ప్లాంటు క్యాను, రెండిళ్లలో తాగేనీళ్ల బిందెలు, అన్నిట్లోంచి పట్టాం. సీసాలు మాతో తీసుకుపోకుండా అంగన్‌వాడీ కిటికీలో పెట్టి చీటీలు అంటించాం. ఊరివాళ్ల కళ్ల ముందే రంగు మారాలి. ఈ సీసా కిడ్నీ సంగతి చెప్పదు, సూక్ష్మజీవుల సంగతే చెబుతుంది అని ఆవిడ వచ్చినవాళ్లందరికీ విసుగు లేకుండా చెప్పింది, ఉద్దానంలో నీళ్ల పరీక్ష అంటే అందరి మనసూ అటే పోతుంది మరి. హిరమండలం రిజర్వాయర్ నుంచి సుమారు 700 కోట్లతో వేసిన పైపులైను, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. అయితే చివరి వీధి కుళాయికి నీళ్లు ఏ వేళకి వస్తాయి, ఎంతసేపు వస్తాయి అన్నది ఆ వీధివాళ్లని అడిగితేనే తెలుస్తుంది.

బయల్దేరే ముందు ఒకావిడ నన్ను పెరట్లోకి పిలిచింది. భర్తకి డయాలసిస్. "రాసుకో అమ్మా, పేరు మాత్రం వద్దు. మా గుంటకి సంబంధాలు చూస్తన్నాం." ఉద్దానం పిల్లనిస్తామంటేనే వెనకాడే సంబంధాలున్నాయని ఆవిడ చెప్పింది. జబ్బు వివరాలు వీధులవారీగా చార్టు మీద వేద్దామని అనుకున్నాం, ఆ రాత్రి కూర్చుని అది తీసేసి ఊరు మొత్తానికి ఒకే అంకె ఉంచాం. చిన్న వీధిలో పేరు లేకపోయినా మనిషి తెలిసిపోతాడు.

మంగళవారం

రోజంతా వాన. హాల్లోనే కూర్చుని ఫారాలు సరిచూశాం. ఒకే ఇల్లు రెండుసార్లు ఎక్కడం, వయసు గడిలో పుట్టిన సంవత్సరం రాయడం లాంటివి. మధ్యాహ్నం హోటల్లో పనసపొట్టు కూర, ఆవ పెట్టింది.

బుధవారం, మందస కొండలు

తెరిపిచ్చింది. మందస దాటి మహేంద్రగిరి వైపు కొండల కింద సవర గిరిజనుల గూడేలకి వెళ్లాలి. రోడ్డు ఉన్నంతవరకు ఆటో, తర్వాత నడక. మెళియాపుట్టి నుంచి వచ్చిన సవర అమ్మాయి మా బృందంలో ఉండబట్టి సరిపోయింది, లేకపోతే ముసలివాళ్లతో మాట్లాడడం మా వల్ల అయ్యేది కాదు. మా జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు నూరేళ్ల కిందటే ఈ మనుషులతో మాట్లాడడానికి ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని మరీ భాష నేర్చుకున్నారు. మన ఆఫీసుల ఫారాలు మాత్రం ఇంకా తెలుగులోనే అడుగుతున్నాయి. ఆ అమ్మాయి ప్రశ్న చదివి, కాసేపు ఆలోచించి, మూడు నాలుగు మాటల్లో సవరలో అడిగేది, జవాబు మాత్రం పది నిమిషాలు వచ్చేది.

దారిలో ఒక గెడ్డ, అంటే కొండవాగు. రాత్రి వానకి మోకాళ్ల పైదాకా ఉంది. చెప్పులు చేతిలో పట్టుకుని, ఫోన్లు ప్లాస్టిక్ కవర్లో చుట్టి నెత్తిన పెట్టుకుని ఒకరి చేయి ఒకరు పట్టుకుని దాటాం. అవతల ఒడ్డున అడ్డాకుల మోపులతో ఇద్దరు ఆడవాళ్లు మేం దాటేదాకా ఆగి, ఆ తర్వాత ఒక్కరూ తడబడకుండా దాటేశారు.

"దగ్గర్లోని ఆసుపత్రి ఎన్ని కిలోమీటర్లు" అని ఫారంలో ప్రశ్న. గూడెంలో ఒకాయన ఎదురు ప్రశ్న వేశాడు. ఒక్కణ్నే వెళ్తేనా, మనిషిని మోసుకుని వెళ్తేనా? ఎండలోనా, వానలోనా? ఆయన అడిగినదాంట్లో వంకపెట్టడానికి ఏమీ లేదు. కిలోమీటర్ల గడిలో నాలుగు అన్న అంకె వేస్తే పైన ఆఫీసులో చూసేవాళ్లకి చాలా దగ్గరే అనిపిస్తుంది. పురిటి నొప్పులొచ్చిన మనిషిని డోలీలో మోసుకుని గెడ్డ తగ్గేదాకా ఒడ్డున కూర్చున్న రాత్రి ఆ నాలుగంకెలో కనబడదు. అందుకని కిలోమీటర్ల కింద మూడు గళ్లు కొత్తగా పెట్టాం. నడిస్తే ఎంతసేపు, మోస్తే ఎంతసేపు, ఏడాదిలో గెడ్డ ఆపేసే రోజులు ఎన్ని. ఆఖరిదానికి గూడెంలో వాళ్లు చర్చించుకుని ఒకే మాట చెప్పారు, ఆషాఢం నుంచి దీపావళి దాకా ఏ రోజు ఆపుతుందో తెలియదు, తెలియకపోవడమే కష్టం అని. దాన్ని అంకెగా మార్చకుండా అలాగే మాటల్లో రాసుకున్నాం.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్లిపోయింది, గిరిజనుల పనులు చూసే ఐటీడీఏ ఆఫీసు అక్కడే. ఈ గూడేలు శ్రీకాకుళంలో ఉండిపోయాయి. చిన్న కాగితం పనికి కూడా ఏ ఆఫీసుకి పోవాలో గూడెంలో సగంమందికి స్పష్టంగా తెలియదు.

మధ్యాహ్నం మాకు చోడి అంబలి పోశారు, నంజుకోవడానికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. తర్వాత ఊరి పెద్దతో కలిసి కొండ అంచున నడిచాం, జీడి తోట, పోడు చేను, పసుపు మడి, ఊట. ఎండాకాలంలో అన్నీ ఎండిపోయినా ఈ ఊట ఎండదట. ఫోన్లో జీపీఎస్ పాయింటు పెట్టుకున్నాం. ఇక్కడి నుంచి పైపు వేస్తే పంపు లేకుండా, కరెంటు లేకుండా గూడెంలోకి నీళ్లు వాటంతట అవే దిగుతాయి. గూడెం అడిగేది ఇదొక్కటే, ఇంకా గెడ్డ మీద కల్వర్టు.

చీకటి పడకముందే మందస చేరి కోవా కొనుక్కుని బస్సెక్కాం. సిగ్నల్ రాగానే ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి, ఫారాలు వెళ్లిపోయాయి.

గురువారం, పలాస

లెక్కలు కూడి చార్టులు రాసిన రోజు. ఒక చోట మాత్రం చాలాసేపు ఆగాం. "మీ ఆవిడ ఏం పని చేస్తుంది" అంటే మగవాళ్లు చెప్పిన జవాబు చాలా ఫారాల్లో "ఇంట్లోనే" అని ఉంది. అదే వీధిలో ఆడవాళ్లతో నేరుగా మాట్లాడిన ఫారాల్లో జీడి ఫ్యాక్టరీలో పొట్టు తీసే పని, కొబ్బరి పీచు పని, ఉపాధి పని అని ఉంది. కాశీబుగ్గలో సాయంత్రం ఫ్యాక్టరీ వదిలే వేళ రోడ్డు మీద నిలబడితే గుంపులు గుంపులుగా ఆడవాళ్లు వస్తారు, పిక్క కొట్టేవాళ్ల వేళ్లు జీడి రసానికి నల్లబడి చర్మం లేచిపోయి ఉంటాయి. రైతుకి 80 కిలోల పిక్కల బస్తాకి ఎంత ధర అని పేపర్లలో ఏటా చూస్తాం, ఈ చేతుల సంగతి ఎక్కడా చూడం. "ఇంట్లోనే" అని ఉన్న ఇళ్లకి మళ్లీ ఫోన్ చేసి ఆడవాళ్లనే అడిగి సరిచేశాం.

శుక్రవారం, మళ్లీ ఉద్దానం ఊరు

ముందు అంగన్‌వాడీ కిటికీ దగ్గరికే వెళ్లాం. పిల్లలు అప్పటికే అన్నీ చూసేసి చెప్పడానికి తహతహలాడుతున్నారు. కాలనీ బోరింగు సీసా నల్లగా అయింది, అది అనుకున్నదే. ట్యాంకు కుళాయిది బాగానే ఉంది. కానీ ట్యాంకు నీళ్లే పట్టి పెట్టుకున్న ఒక ఇంటి బిందె సీసా కూడా నల్లబడింది. నర్సింగ్ అప్ప ఆ ఇంటి పేరు చెప్పకుండా, బిందె మీద మూత, పొడుగు కాడ గరిట, చేతులు ముంచకపోవడం గురించి పది నిమిషాలు చెప్పింది. నల్ల సీసా పక్కనే ఉండబట్టి ఎవరూ కదల్లేదు.

రామమందిరం అరుగు మీద చార్టులు వేలాడదీసి ఒక్కొక్క అంకె గట్టిగా చదివాం. కాలనీ ఇంటర్ అమ్మాయే చదివింది, మేం పక్కన నిలబడ్డాం. సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి, ఆశా కార్యకర్త వచ్చారు. కుళాయి ఉన్న ఇళ్లు ఇన్ని అనగానే వెనకనుంచి కేకలు. కుళాయి ఉంది, నీళ్లేవీ? మా చివరికి వచ్చేసరికి చుక్క రాదు. అప్పుడే ఆ అంకె మీద గీత కొట్టి రెండుగా రాశాం, కుళాయి ఉన్నవి వేరు, రోజూ నీళ్లొచ్చేవి వేరు. చివరి వీధివాళ్లు ఒక్కొక్కరే లేచి తమ ఇంటికి ఏ వేళకి వస్తాయో చెప్పారు, ఆశా కార్యకర్త రాసుకుంది. జల్‌జీవన్ మిషన్‌లో మనిషికి రోజుకి 55 లీటర్లు ఇవ్వాలి, అది చదివి వినిపించాక కొందరు అక్కడికక్కడే బిందెలు లెక్కేసుకున్నారు.

ఏ పని ముందు అన్నదానికి చింతపిక్కలు పంచాం, మనిషికి అయిదు. కార్యదర్శి గారు ముందే వివరంగా చెప్పారు, 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం మంచినీళ్లకి, పారిశుద్ధ్యానికే వాడాలి, మిగతా 40 శాతమే వేరే పనులకి అని. అది తెలిశాక పిక్కలు పడే తీరు మారింది. శ్మశానం రోడ్డుకి పడతాయనుకున్నవి చాలా వరకు కాలవకి వచ్చాయి, ఎందుకంటే కాలవకి డబ్బు దొరికే దారి కనబడింది. పూడిపోయిన చోటు నుంచి చెరువు దాకా కాలవ, కాలనీ బోరింగు చుట్టూ చప్టా, చివరి వీధికి వేరే వాల్వు, ఈ వరసలో తేలాయి. శ్మశానం రోడ్డు నాలుగోది. దానికోసం గట్టిగా వాదించిన ఒకాయన మొహం చిన్నబుచ్చుకున్నాడు, ఆయన మాట కూడా కాగితంలో రాయించాం.

సోమవారం మమ్మల్ని ఆపిన పెద్దాయన ముందు వరసలోనే కూర్చున్నారు. అంతా అయ్యాక చార్టు దగ్గరికి వచ్చి కిడ్నీ అంకె మీద వేలు పెట్టి "ఇదెందుకు ఇంత తక్కువ?" అన్నారు. చెప్పడానికి ఇష్టపడినవాళ్ల లెక్కే ఇది, పరీక్ష చేయించుకోనివాళ్లు ఇందులో లేరు అని చెప్పాం. "అయితే ఆ ముక్క కూడా రాయండి" అన్నారు. అంకె కింద రాశాం.

ఒక కాపీ సచివాలయం గోడకి, ఒకటి డ్వాక్రా సంఘం పెట్టెలో. గ్రామసభలో మొదటి మూడు పనులు ప్రణాళికలోకి ఎక్కాయని తర్వాత ఫోన్లో తెలిసింది. మీ ఊరి ప్రణాళికలో ఏముందో ఇ-గ్రామ్‌స్వరాజ్ సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు, జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకుంటే వస్తుంది, దయచేసి ఒకసారి తెరిచి చూడండి. గూడెం ఊట, కల్వర్టు సంగతి ఇంకా కదల్లేదు, జీపీఎస్ పాయింటుతో సహా అర్జీ పెట్టించాం, అడుగుతూనే ఉన్నాం.

తీరం ఊళ్లో లెక్క సగమే అయింది. మే నెలలో వేరావల్ నుంచి మగవాళ్లు వచ్చాక మళ్లీ వెళ్లి వాళ్లతోనూ పన్నెండు గళ్లు నింపించి, రెండూ పక్కపక్కన పెట్టి అక్కడే చదవాలి. కొండ మీదకి కూడా అప్పుడే, గెడ్డ ఎండి ఉంటుంది కాబట్టి పై గూడేల దాకా వెళ్లొచ్చు. సవర గాని ఒడియా గాని మాట్లాడగలిగిన పిల్లలు మీ ఊళ్లో ఉంటే చెప్పండి, మాకు అన్నిటికంటే వాళ్ల అవసరమే ఎక్కువ.